మలివయసు ఏ గడపలో?

నర్సమ్మగారు గుంటూరు జిల్లాలో సర్కారు ఆసుపత్రుల్లో పనిచేసి హెడ్ నర్సుగా రిటైరయ్యారు. భర్త పోయిన దగ్గర్నుంచి తెనాలిలో సొంతింట్లో ఒక్కరే ఉంటున్నారు. ఒక్కగానొక్క కొడుకు డల్లాస్‌లో స్థిరపడ్డాడు. ఆమె వియ్యంకుడు లెక్కల మాస్టారుగా చేసి, ఇప్పుడు భార్యతో కలిసి హైదరాబాదులో కొడుకు దగ్గర ఉంటున్నారు. ఇల్లు అమ్మేసి తమ దగ్గరికి వచ్చేయమని నర్సమ్మగారిని కొడుకూ కోడలూ పోరుతున్నారు. ఒప్పించే బాధ్యత మాస్టారి మీద పెట్టారు. ఇలాంటి వాదన ఇప్పుడు తెలుగునాట ఇంటింటా ఉంది. పెద్దవాళ్ల మందులకూ స్కానింగులకూ వెనకాడకుండా డబ్బు తీసే మనం, వాళ్లకు పగలంతా మాట్లాడే మనిషి ఉన్నాడా లేడా అన్నది కూర్చుని ఆలోచించడం తక్కువ. ఆ ఆలోచన జరగాలన్న కోరికతోనే ఈ సంవాదం.

మాస్టారు: చెల్లెమ్మా, మొహమాటం లేకుండా మాట్లాడతాను. అల్లుడుగారు ఎప్పుడు ఫోన్ చేసినా ఒకటే మాట, "మామయ్యగారూ, అమ్మను మీరే ఒప్పించాలి" అని. ఇంత ఇంట్లో మీరొక్కరూ ఉండటం మాకెవరికీ మనస్కరించడం లేదు. రాత్రివేళ బాత్‌రూములో కాలు జారితే తలుపు తీసేదెవరు? పిల్లలు లేనివాళ్లకైతే తప్పదు. కన్నకొడుకు రమ్మంటుంటే రానంటే ఎలా?

నర్సమ్మ: కాలు జారడం సంగతి నాకు తెలియనిది కాదు అన్నయ్యగారూ. తుంటి ఎముక విరిగి వార్డుకొచ్చినవాళ్లను ఉద్యోగం పొడుగునా చూశాను. వాళ్లలో చాలామంది నిండు సంసారంలో ఉన్నవాళ్లే. గచ్చు నున్నగా ఉండి, లైటు లేక, నిద్రలోంచి గబుక్కున లేచి పడతారు. దానికి గోడకు కడ్డీ కావాలి, గరుకు పలకలు కావాలి, రాత్రంతా వెలిగే చిన్న బల్బు కావాలి. మూడూ పెట్టించాను, చూసి వెళ్లండి. మీరు అసలు చెప్పాలనుకున్నది మనసు సంగతి కదా, అది చెప్పండి.

మాస్టారు: అదే చెబుతున్నాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 జూన్‌లో నివేదిక ఇచ్చింది. ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరిని ఒంటరితనం పీడిస్తోందట. దానివల్ల ఏడాదికి 8 లక్షల 71 వేల ప్రాణాలు పోతున్నాయని అంచనా వేశారు. అంటే గంటకు దాదాపు వంద. సిగరెట్టు మానమని ఎంతమందికి చెప్పారో మీరు! ఒంటరిగా ఉండొద్దని మీకు మేం చెప్పకూడదా?

నర్సమ్మ: చెప్పండి, వింటాను. కానీ మీరు లెక్కల మాస్టారు, లెక్క పూర్తిగా చూడండి. 2010లో అమెరికా పరిశోధకురాలు జూలియన్ హోల్ట్-లన్‌స్టాడ్ బృందం 148 అధ్యయనాలను ఒకచోట చేర్చింది. వాటిలో మొత్తం 3 లక్షల పైచిలుకు మంది ఉన్నారు. మనుషులతో గట్టి సంబంధాలున్నవాళ్లు బతికి ఉండే అవకాశం మిగతావాళ్లకంటే 50 శాతం ఎక్కువని తేలింది. ఇది మీ వైపు మాటే. అయితే ఆ సంబంధాలను ఎలా కొలిచారన్నదాన్నిబట్టి ఆ అంకె మారింది. ఇంట్లో ఒక్కరే ఉంటున్నారా, ఇంకొకరితో ఉంటున్నారా అన్నది మాత్రమే చూస్తే తేడా 19 శాతం. చుట్టాలు, స్నేహితులు, ఇరుగుపొరుగు, గుడి, సంఘం, చేసే పని, ఇలా ఎన్ని రకాలుగా నలుగురిలో కలిసి ఉన్నారన్నది చూస్తే 91 శాతం. మీరు నాకు 19 ఇస్తామని 91 వదులుకోమంటున్నారు.

మాస్టారు: లెక్క బాగుంది. కాదనను. కానీ అందులో కాలం అన్న సంగతి కూడా కలపండి. మీ వయసువాళ్ల స్నేహం ఎండాకాలపు చెరువు లాంటిది, చూస్తుండగానే నీరు తగ్గిపోతుంది. మా రిటైర్డు ఉపాధ్యాయుల బృందం నెలకోసారి కలిసేది. మొదట్లో హాలు చాలేది కాదు. ఇప్పుడు కలిసినప్పుడల్లా ఒకరికి నివాళి. మోకాళ్లు నొప్పులని కొందరు రారు, కూతురి దగ్గరికి వెళ్లి కొందరు రారు. ఎనభై వచ్చేసరికి మన చుట్టూ మిగిలేది మనకంటే చిన్నవాళ్లే. వయసులో చిన్నవాళ్లు విధిగా మన దగ్గరుండే చోటు కుటుంబం ఒక్కటే. అందుకే దాన్ని పట్టుకోమంటున్నాను.

నర్సమ్మ: మీ మాట సబబే. స్నేహితులంతా ఒకే ఈడువాళ్లయితే ఆ ప్రమాదం ఉంది. అందుకే నా దగ్గరికి వచ్చేవాళ్లెవరో చెబుతాను. పొద్దున ఏడింటికి అరుగు మీద బీపీ మిషను పెట్టుకుని కూర్చుంటాను. ఓ నోటుపుస్తకం ఉంటుంది. పేరు, తేదీ, పై అంకె, కింది అంకె రాస్తాను. పాలకేంద్రం నుంచి వెళుతూ పెద్దవాళ్లు ఆగుతారు. పూలమ్మే అమ్మాయి ఆగుతుంది, దానికి రెండో కాన్పు. ఎదురింటి ఇంటరు పిల్లాడు వాళ్ల నాయనమ్మను చెయ్యి పట్టుకుని తీసుకొస్తాడు. ఆటో అబ్బాయికి ముప్ఫై ఎనిమిదేళ్లే, అప్పుడే నూట అరవై! మాత్రలు మానేశాడని తిడితే నవ్వుతాడు, మర్నాడు మళ్లీ వస్తాడు. పుస్తకంలో ఎవరి పేరైనా రెండు రోజులు కనబడకపోతే నేనే వాళ్లింటికి వెళ్తాను. అలాగే నేను తలుపు తీయకపోతే వాళ్లొస్తారు. శనివారం వైకుంఠపురంలో సహస్రనామ పారాయణ, ఊళ్లో పద్యనాటకం పడితే దానికి ఓ గుంపు. ఇవన్నీ డల్లాస్‌లో ఎవరు సమకూరుస్తారు?

మాస్టారు: సమకూర్చరు. నేనూ వెళ్లి చూశాను కదా. విజిటరు వీసా మీద సాధారణంగా ఆరు నెలలుండనిస్తారు. నడిచి వెళ్లడానికి ఏ చోటూ లేదు, కారు లేనిదే కాలు బయటపెట్టలేం. శని, ఆదివారాల్లో గుడి. అయినా ఒక్కటి చెబుతాను. మనవడు అక్షరాలు నా దగ్గర నేర్చుకున్నాడు. ఎక్కాలు తెలుగులో చదువుతాడు. ఆ ఆనందం మీ బీపీ పుస్తకంలో దొరుకుతుందా?

నర్సమ్మ: దొరకదు. దానికి సాటి ఏదీ లేదు, ఒప్పుకుంటున్నాను. కానీ వాడు ఎనిమిదింటికల్లా స్కూలుకెళ్లాక సాయంత్రం దాకా ఏంచేసేవారు? హైదరాబాదులో ఇప్పుడేం చేస్తున్నారు? ఇరవయ్యో అంతస్తులో ఉంటున్నారు. నిన్న మీకోసం ఎవరు ఎదురుచూశారు? ఏ విషయంలో మీ మాట చెల్లింది?

మాస్టారు: ఎదురుచూడటమంటే... మనవరాలు పడుకునే ముందు కథకోసం వస్తుంది. రోజూ వస్తుంది. ఇక మాట చెల్లడమంటారా, ఇంటి వ్యవహారాలు పిల్లలు చూసుకుంటారు. మేం ఎందుకు తలదూర్చాలి? రెక్కలు ముక్కలు చేసుకున్నాం, ఇక విశ్రాంతి తీసుకోమంటారు. అది వాళ్ల ప్రేమ.

నర్సమ్మ: ప్రేమేనని నాకూ తెలుసు. కానీ అన్ని పనులూ మన చేతుల్లోంచి తీసేసుకోవడం ప్రేమ అనుకోవడంలోనే చిక్కు ఉంది. 1976లో అమెరికాలోని కనెక్టికట్‌లో ఎలెన్ లాంగర్, జుడిత్ రోడిన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఓ వృద్ధుల సంరక్షణ గృహంలో చిన్న ప్రయోగం చేశారు. ఒక అంతస్తులోవాళ్లకు "మీ గది ఎలా సర్దుకోవాలో, సినిమా ఏ రోజు చూడాలో మీ ఇష్టం, ఈ మొక్కను మీరే పెంచుకోండి" అన్నారు. మరో అంతస్తులోవాళ్లకూ మొక్కలిచ్చారు గానీ "అన్నీ మేం చూసుకుంటాం, నీళ్లూ మేమే పోస్తాం" అన్నారు. మూడు వారాలకే తేడా కనబడింది. తమ సంగతి తామే చూసుకున్నవాళ్లు చురుగ్గా, సంతోషంగా ఉన్నారు. అది చిన్న ప్రయోగమే, దానికే పెద్ద సిద్ధాంతం కట్టనక్కర్లేదు. కానీ వార్డులో నేను చూసిందీ అదే. "ఈ పూట ఇడ్లీనా, ఉప్మానా?" అని అడిగితే ముఖం మారేది పెద్దవాళ్లకు.

మాస్టారు: అయితే తప్పు కుటుంబానిది కాదు, నడుపుకునే తీరుది. తీరు మార్చుకోవచ్చు. అంతమాత్రాన ఇల్లు విడిచి వేరుగా ఉండాలా? శ్రీరమణగారి ‘మిథునం’ అందరికీ నచ్చింది, తనికెళ్ల భరణిగారు 2012లో సినిమా తీస్తే మళ్లీ నచ్చింది. పిల్లలు విదేశాల్లో ఉండగా పెరటి కూరలతో ఇద్దరే కాపురం. నేనూ ముచ్చటపడ్డాను. కానీ అది ఇద్దరి ముచ్చట చెల్లెమ్మా. ఒకరు పోయాక మిగిలిన మనిషి సంగతి ఎవరు చూస్తారు? పొన్నూరులో మా అన్నయ్య ఉన్నాడుగా. వదిన పోయాక కాఫీ పెట్టుకోవడం కూడా రాదు. కొడుకింట్లో ఉన్నాడు కాబట్టి వేళకు అన్నం తింటున్నాడు.

నర్సమ్మ: మీ అన్నగారి మాట మీరే ఎత్తారు కాబట్టి అడుగుతాను. తింటున్నారా నిజంగా? పోయిన నెల పెళ్లిలో చూశాను. చొక్కా భుజాల మీంచి జారుతోంది. ఎవరేమడిగినా "ఆఁ, ఆఁ" అంటున్నారు గానీ ఒక్కదానికీ జవాబు లేదు.

మాస్టారు: తెల్లవారుజామున మూడింటికే లేచి కూర్చుంటాడట. ఒళ్లంతా నొప్పులంటాడు, పరీక్షలు చేయిస్తే ఏమీ లేదంటారు. పద్యాలంటే ప్రాణం ఉండేది, ఇప్పుడు రేడియో పెడితే కట్టేయమంటాడు. డెబ్బై ఆరేళ్లు. భార్య పోయింది. ఆ మాత్రం దిగులు ఉండదా? వయసు అంటే అదేగా.

నర్సమ్మ: కాదు. దీన్ని మాత్రం నేను ఒప్పుకోను. దుఃఖం సహజం. కానీ మూడింటికి మెలకువ, తిండి సయించకపోవడం, నొప్పులు, ఇష్టమైనదాని మీద విరక్తి, ఇవన్నీ వారాల తరబడి ఉంటే అది డిప్రెషన్. పెద్దవాళ్లు "నాకు దిగులుగా ఉంది" అనరు. "కడుపులో మంట", "కాళ్లు లాగుతున్నాయి" అంటారు. మన దేశంలో 2017-18లో లాసి అనే పెద్ద సర్వే జరిగింది, 72 వేల మందికి పైగా చూశారు. అరవై దాటినవాళ్లలో 8.3 శాతం మందికి డిప్రెషన్ ఉండొచ్చని తేలింది. డాక్టరు చెప్పగా తెలుసుకున్నవాళ్లు అందులో పదో వంతే. మిగతావాళ్లందరి ఇళ్లలో మీరు చెప్పిన మాటే చెబుతున్నారు, "వయసు" అని. డిప్రెషన్‌కు మందులున్నాయి, మాట్లాడి నయం చేసే పద్ధతులున్నాయి. ముందు థైరాయిడ్, బీ12 చూపించండి, వేసుకునే మాత్రలన్నీ ఓసారి డాక్టరు ముందు పెట్టండి. ఇంటి దగ్గర్నుంచే అడగాలంటే టెలి మానస్ 14416 ఉంది, తెలుగులో మాట్లాడతారు.

మాస్టారు: మరి ఆ "ఆఁ, ఆఁ" సంగతి?

నర్సమ్మ: చెవి. అన్నీ వినబడుతున్నట్టు తల ఊపుతున్నారు, మళ్లీ మళ్లీ అడిగితే కోడలు విసుక్కుంటుందని. ఓపిక ఉన్నంతకాలం ఊపుతారు. ఆ తర్వాత గదిలోంచి రావడం మానేస్తారు. ఇంట్లోవాళ్లు "ఆయనకు ఎవరితోనూ పడదు" అంటారు. లాన్సెట్ కమిషన్ 2024లో మతిమరుపు జబ్బుకు దారితీసే 14 కారణాలను, మనం చక్కదిద్దుకోగలిగినవాటిని, జాబితాగా ఇచ్చింది. వినికిడి తగ్గడం, చూపు తగ్గడం, డిప్రెషన్, మనుషులకు దూరం కావడం నాలుగూ అందులో ఉన్నాయి. కళ్లజోడుకు సిగ్గుపడం గానీ చెవి మిషను అంటే నామోషీ! మీ అన్నగారు నిండింట్లో ఉన్నారు అన్నయ్యగారూ. అయినా నాకంటే ఆయనే ఒంటరి.

మాస్టారు: ఈ వారమే పొన్నూరు వెళ్తాను. నేనే తీసుకెళ్లి చూపిస్తాను.

నర్సమ్మ: ఇంకోమాట. కోపగించుకోకండి. హైదరాబాదులో ‘తోడు నీడ’ అనే సంస్థ ఉంది. తోడు పోయినవాళ్లకు, విడిపోయినవాళ్లకు మలివయసులో మళ్లీ తోడు వెతుక్కునే వీలు కల్పిస్తోంది. పెళ్లి చేసుకున్నవాళ్లున్నారు, స్నేహితులుగా మిగిలినవాళ్లున్నారు. ఆరోగ్యం కుదుటపడ్డాక మీ అన్నగారికి అదీ ఓ దారేనని చెప్పండి.

మాస్టారు: ఆ వయసులో పెళ్లా! మనవలకు సంబంధాలు చూస్తున్న ఇల్లు. నలుగురూ ఏమనుకుంటారు? ఆస్తి దగ్గర పిల్లలు ఊరుకుంటారా?

నర్సమ్మ: ఆస్తికి వీలునామా రాసుకోవచ్చు, అది కష్టమైన పని కాదు. నలుగురి సంగతంటారా, ముప్ఫయ్యేళ్లవాడు తోడు కావాలంటే ఊరంతా కలిసి సంబంధం వెతుకుతుంది. డెబ్భయ్యేళ్ల మనిషి అడిగితే పరువు గుర్తొస్తుంది. పక్కన కూర్చుని పేపరు చదివి వినిపించే మనిషి కావాలనుకోవడం ఏ వయసులో తప్పు?

మాస్టారు: నాకింకా మింగుడు పడటం లేదు. ఆయన్ను అడగడం వరకూ అడుగుతాను. కానీ ఆస్తి మాట వచ్చింది కాబట్టి, ఈ ఇల్లు అమ్మి అబ్బాయికి ఇస్తే అక్కడ సొంతిల్లు కొనుక్కుంటారు. ఎప్పటికైనా వాడిదేగా!

నర్సమ్మ: ఎప్పటికైనా వాడిదే, ఇప్పుడు మాత్రం నాది. నా కొడుకు మీద అపనమ్మకం కాదు ఇది. ఇల్లు రాసిచ్చేశాక మాట చెల్లని తల్లుల్ని ఎందరినో చూశాను. 2007లో తల్లిదండ్రుల పోషణ చట్టం వచ్చింది. చూసుకుంటారన్న షరతుతో ఆస్తి రాసిచ్చాక చూసుకోకపోతే 23వ సెక్షన్ కింద ఆ పత్రాన్ని రద్దు చేయించుకోవచ్చు. మధ్యప్రదేశ్‌లో ఓ తల్లి కొడుక్కి రాసిచ్చిన గిఫ్ట్ డీడ్‌ను 2025 జనవరిలో సుప్రీంకోర్టు రద్దు చేసి ఆస్తి తిరిగి ఇప్పించింది. న్యాయం జరిగింది గానీ అందాకా వెళ్లిన తల్లి మనసు ఎంత నలిగి ఉంటుందో ఆలోచించండి. అసలు ఆ అవసరమే రాకుండా చూసుకోమంటాను.

మాస్టారు: అదిగో, అక్కడే నా బాధ. చట్టం ట్రిబ్యునల్ పెట్టింది, నెలకు 10 వేల రూపాయల దాకా భరణం ఇప్పిస్తుంది. కానీ "అమ్మా, తిన్నావా?" అని అడగమని ఏ ట్రిబ్యునల్ ఆర్డరు వేస్తుంది? మీరు మీ కాళ్ల మీద నిలబడతానంటున్నారు, బాగుంది. రేపు ప్రతి కొడుకూ "మా అమ్మకు ఒక్కతే ఉండటం ఇష్టం" అని చేతులు దులుపుకుంటే? పెద్దవాళ్ల ధైర్యం పిల్లలకు సాకు కాకూడదు. మీకు పెన్షనుంది, చదువుంది. కూలి చేసి బతికిన ముసలమ్మ మీలా అనగలదా?

నర్సమ్మ: ఆవిడ సంగతే చెబుతాను. మా వీధి చివర అలాంటి పెద్దమ్మ ఉంది. ఆంధ్రాలో 2024 జులై నుంచి వృద్ధాప్య పింఛను 4 వేలు అయింది. నెల మొదట్లో సచివాలయం వాళ్లు ఇంటికొచ్చి చేతికిస్తారు. పెద్దమ్మ ఆ పూట ఉతికిన చీర కట్టుకుని గడపలో కూర్చుంటుంది. ఆ డబ్బులో మనవడికి చెప్పులు కొంటుంది, కోడలికి గ్యాసుబండకు ఇస్తుంది. ఇంట్లో ఆవిడ మాటకు విలువ పెరిగిందని ఆవిడే చెప్పింది. పింఛను మందుల ఖర్చుకు చాలకపోవచ్చు గానీ మనిషిని నిలబెడుతోంది. ఇక చేతులు దులుపుకునే కొడుకులంటారా, మీ భయం న్యాయమే. దానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. కొట్టడం, తిండి పెట్టకపోవడం లాంటివి కళ్లబడితే 14567కు ఫోన్ చేయమని మాత్రం అందరికీ చెబుతుంటాను. అది పెద్దల హెల్ప్‌లైను.

మాస్టారు: మరి చివరికి ఆశ్రమానికైనా వెళతారు గానీ కొడుకు దగ్గరికి వెళ్లరా?

నర్సమ్మ: వెళ్లాల్సి వస్తే దేనికైనా వెళతాను. ఆశ్రమమైనా, కొడుకిల్లయినా నేను చూసేది ఒక్కటే. అక్కడ నాతో పని ఉందా? జింబాబ్వే రాజధాని హరారేలో డిక్సన్ చిబాండా అనే సైకియాట్రిస్టు 2006లో పద్నాలుగు మంది నాయనమ్మల్ని, అమ్మమ్మల్ని కూడగట్టారు. డాక్టర్ల కొరత ఉన్న దేశం. ఆసుపత్రి ఆవరణలో బల్ల మీద కూర్చుని, దిగులుతో వచ్చినవాళ్ల కష్టం ఎలా వినాలో, ఏం అడగాలో వాళ్లకు నేర్పారు. పదేళ్ల తర్వాత పరీక్షించి చూస్తే, మామూలు వైద్యం పొందినవాళ్లకంటే ఆ బల్ల మీద కూర్చుని కష్టం చెప్పుకున్నవాళ్లే ఎక్కువగా కోలుకున్నారు. ముసలివాళ్లను చూసుకోవడం ఎలాగని లోకమంతా తలపట్టుకుంటోంది. వాళ్లు ఎవర్ని చూసుకోగలరని అడిగినవాడు ఆయన. మన పెద్దవాళ్లను ఆ ప్రశ్న ఎవరడుగుతున్నారు?

మాస్టారు: అడిగితే బాగుండునని నాకూ ఉంది. మా అపార్టుమెంటు వెనక ఇంకో టవరు కడుతున్నారు. పాలమూరు, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన కూలీల పిల్లలు ఇసుక కుప్పల దగ్గర ఆడుతుంటారు. పైనుంచి చూస్తుంటాను, వీళ్లకు భిన్నాలు ఎవరు చెబుతారా అని. కిందికి దిగాలనిపిస్తుంది. అబ్బాయి "ఎండలో ఎందుకు నాన్నా?" అంటాడు.

నర్సమ్మ: సాయంత్రం ఎండ ఉండదు. దిగండి. వదినగారిని కూడా తీసుకెళ్లండి. పొద్దంతా ఇద్దరు పిల్లల క్యారేజీలు, కొడుకూ కోడళ్ల క్యారేజీలు కట్టి అలిసిపోతోంది ఆవిడ. విశ్రాంతి తీసుకోమన్న మాట మగవాళ్లకే వర్తిస్తోంది మన ఇళ్లలో. ఆవిడకు ఏం చేయాలనుందో మీరెప్పుడైనా అడిగారా?

మాస్టారు: అడుగుతాను. సరే, ఇంతసేపూ మీ మాటలు విన్నాను, ఇప్పుడు నా షరతులు వినండి. ఎదురింటివాళ్ల దగ్గర మీ ఇంటి తాళంచెవి ఒకటి ఉండాలి. మీ మందులు, డాక్టరు పేరు, మా అందరి నంబర్లు కాగితం మీద రాసి తలుపు వెనక అంటించాలి. ఏడాదికోసారి పిల్లల దగ్గరికి వెళ్లి రావాలి, మనవడు మీ చెయ్యి పట్టుకుని పెరగాలి. మీ పనులు మీరు చేసుకోలేని రోజొస్తే ఎక్కడ ఉంటారో, ఎవరు చూడాలో ఇప్పుడే, మీ బుద్ధి బలంగా ఉన్నప్పుడే, రాసిపెట్టాలి. ఆ రోజు మీరు మొండికేయకూడదు.

నర్సమ్మ: నాలుగూ ఒప్పుకున్నాను. నాలుగోది నేనే రాయాలనుకుంటున్నాను, ఎందుకంటే అప్పుడు కూడా నిర్ణయం నాదే అవుతుంది.

మాస్టారు: మీ వాదన పూర్తిగా ఒప్పుకున్నానని మాత్రం అనుకోకండి. ఇరుగుపొరుగు ఎంత మంచివాళ్లయినా కన్నబిడ్డలు మోయాల్సిన బాధ్యత వాళ్లు మోయరు, మోయకూడదు కూడా. అల్లుడుగారికి ఈ రాత్రి ఫోన్ చేసి ఇలా చెబుతాను: "అమ్మ ఎక్కడ ఉండాలన్నది అమ్మకు వదిలేయండి. వారానికోసారి స్పీకరులో పెట్టి పది నిమిషాలు మాట్లాడటం చాలదు. ఏడాదికి ఎన్ని రోజులు తెనాలిలో ఉండగలరో లెక్కేసి ఆ రోజులు ఇప్పుడే సెలవు పెట్టండి. నాకు తేదీలు కావాలి." లెక్కల మాస్టారిని కదా, తేదీలు చెప్పేదాకా ఫోన్ పెట్టను.